సిలువ దగ్గర కాదు, ఆదాము దగ్గర మొదలుపెట్టండి

మీ ముస్లిం స్నేహితుడితో సంభాషణ మధ్యలో ఆగిపోవడానికి కారణం సిలువ కాదు. "దేవుడు ఊరికే క్షమించగలడు కదా, సిలువ ఎందుకు?" అని ఆయన అడిగితే జవాబు తోచలేదన్నారు. పాపం అంటే ఏమిటో మీరిద్దరూ ముందు మాట్లాడుకోలేదు, అంతే.

1. ఆదాము కథను ఖుర్ఆన్, బైబిల్ రెండింట్లో పక్కపక్కన పెట్టుకుని చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. ఖుర్ఆన్ 7:23లో ఆదం, ఆయన భార్య "మాకు మేమే అన్యాయం చేసుకున్నాం" అని వేడుకుంటారు. 2:37లో దేవుడు ఆ పశ్చాత్తాపాన్ని స్వీకరిస్తాడు. ఒకరి బరువు ఇంకొకరు మోయరని 6:164 చెబుతుంది. బైబిల్లోని రోమా పత్రిక 5:12లో అలా కాదు. ఒక్క మనిషి ద్వారా పాపం, దాంతో మరణం లోకంలోకి వచ్చి అందరికీ పాకాయి. ఖుర్ఆన్‌లో పాపం క్షమాపణతో తీరిన తప్పు. బైబిల్లో మనిషిని పట్టి ఉంచిన చెర.

2. ఇప్పుడు సిలువకు రండి. తప్పుకు తౌబా (పశ్చాత్తాపం), దేవుని దయ చాలు. చెరకు విడిపించేవాడు కావాలి. (ఖుర్ఆన్ 4:157 యేసు సిలువ మరణాన్నే ఒప్పుకోదు. ఆ చర్చ ఇందులో కలపకండి.)

3. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటే దేవుడన్న క్రైస్తవ నమ్మకం), తౌహీద్ (దేవుడు ఒక్కడే అన్న ఇస్లాం నమ్మకం) చివర్లో. విడిపించేవాడు ఎవరు అన్న ప్రశ్న పుట్టాకే వాటి గురించి టెన్షన్ లేకుండా మాట్లాడుకోగలరు.