కింది అరలోకి ఎండ ఎక్కడిది?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. వంశధార ఒడ్డున అరెకరం ఉంది, వానాకాలం వస్తే వరద భయం. ఇంట్లో 10 అడుగులకు 12 అడుగుల గది ఖాళీగా ఉంది. అందులో అరలు కట్టి ఎల్‌ఈడీ లైట్ల కింద లెట్యూస్ (సలాడ్‌లో వేసే ఆకుకూర) పెంచుదామని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. లాభమేనా?
– ఒక రైతు

జవాబు: మీ అబ్బాయి చెప్పేదాంట్లో అబద్ధం లేదండీ. నాలుగు అరలు కడితే ఒక మడి జాగాలో నాలుగు మడులు. మొక్కల వేళ్లు మట్టిలో కాక నీటిలో ఉంటాయి; తొట్టిలో నీరే గొట్టాల్లో తిరిగి మళ్లీ తొట్టికి చేరుతుంది కనుక పొలానికి పట్టే నీటిలో పదో వంతుతో ఆకుకూర పండుతుంది. వరద లేదు, కలుపు లేదు. దోమతెర బాగుంటే పురుగుమందు అవసరమూ దాదాపు ఉండదు. నారు నాటాక 30–35 రోజుల్లో కోత, ఏ నెలైనా సరే.

చిక్కంతా ఎండ దగ్గరే. గదిలో ప్రతి అరకూ ఎండను కరెంటు రూపంలో కొనాలి. అరకు 80 వాట్లు, నాలుగు అరలు, రోజుకు 16 గంటలు వేసుకోండి: రోజుకు 5 యూనిట్లు, నెలకు 150 పైమాటే. అదీ ఒక్క ర్యాక్‌కు! లెట్యూస్‌కు 18–24 డిగ్రీల చల్లదనం కావాలి, ఎండాకాలంలో మీ ఊళ్లో ఏసీ లేకుండా కుదరదు. వేడెక్కితే ఆకు అంచులు మాడతాయి, చేదెక్కుతుంది, పూకాడ లేస్తుంది. కరెంటు పోయి పంపు ఆగిందా, కాసేపటికే మొక్కలు తల వాల్చేస్తాయి. అమెరికాలో ఈ సాగులో పేరున్న ఏరోఫామ్స్ కంపెనీయే 2023లో దివాలా పిటిషన్ వేసింది. ఇంతకీ పర్లాకిమిడి బజారులో లెట్యూస్ ఎవరు అడుగుతారు? బరంపురం, గోపాల్‌పూర్ హోటళ్లతో ముందే బేరం కుదిరితే తప్ప దాని జోలికి పోవద్దు.

ఎండ అడగని పంట ఒకటుంది కదా, పుట్టగొడుగులు. మీ పక్కింటి ఒడియా వాళ్లు ఛతు (పుట్టగొడుగులు) అంటే ప్రాణం పెడతారు, అమ్మకం గురించి టెన్షన్ ఉండదు. అవి పెరిగే వరిగడ్డి మీ ఇంట్లోదే. చలికాలంలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేయండి, గడ్డి నింపిన సంచులను ఉట్లు కట్టినట్టు ఒకదాని కింద ఒకటి వేలాడదీయవచ్చు. ఎండలు ముదిరాక 30–35 డిగ్రీల్లో పెరిగే పాల పుట్టగొడుగులకు మారండి. కిలో ఎండుగడ్డికి అరకిలో పైగా దిగుబడి వస్తుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది తడి దగ్గరే. ఉడకబెట్టి ఆరబెట్టిన గడ్డిని గుప్పెట్లో గట్టిగా పిండండి. అరచేయి తడవాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. కారితే ఇంకాసేపు ఆరబెట్టాకే పుట్టగొడుగుల విత్తనం (స్పాన్) కలపండి, లేకపోతే సంచిలో పచ్చబూజు పడుతుంది.

మొదట పది సంచులు చాలు. ఆ గదిలో మాత్రం ఎవరూ పడుకోవద్దు. గొడుగు బాగా విచ్చుకున్నాక రాలే పొడికి దగ్గు పట్టుకుంటుంది. అంచులు ఇంకా లోపలికి ముడిచి ఉండగానే, ముక్కుకు గుడ్డ కట్టుకుని కోయండి.