మన రక్షణ ప్రొటీన్లే క్యాన్సర్ గడ్డకు సాయం చేస్తాయా?

నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిందని, ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ కషాయం తాగించమని బంధువులు పట్టుబడుతున్నారని రాశారు. మన రక్షణ ప్రొటీన్లే గడ్డను పెంచుతాయా అని కూడా అడిగారు. కొన్నిసార్లు పెంచుతాయి, నిజమే. మా మేనమామకు ఇదే జబ్బు. విజయవాడలో ఆయన వెంట ఆస్పత్రికి తిరిగింది నేనే కాబట్టి, డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను.

టీ కణాలు (మన రక్షణ వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టాక ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ వదులుతాయి. దాంతో దాడి ముదురుతుంది. కానీ అదే ఇంటర్‌ఫెరాన్ తగిలేసరికి చాలా క్యాన్సర్ కణాలు తమ పైపొర మీద పీడీ-ఎల్1 అనే ఇంకో ప్రొటీన్‌ను పెంచుకుంటాయి. అది టీ కణం మీదున్న పీడీ-1కు అతుక్కుంటే టీ కణానికి బ్రేక్ పడినట్టే. దాడి హద్దు మీరి సొంత అవయవాలు దెబ్బతినకుండా ఒంట్లో ఉన్న ఏర్పాటు ఇది. గడ్డ దాని చాటున పెరుగుతుంది. పీడీ-1ను 1992లో బయటపెట్టింది జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం. సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేక్ మీద పనిచేసిన జేమ్స్ అలిసన్‌తో కలిపి ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది.

వాపు ప్రొటీన్ల సంగతి వేరు. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే గడ్డ కణాలు బతకడానికి, కొత్త రక్తనాళాలు పుట్టడానికి దోహదం చేస్తాయి.

మామయ్య బయాప్సీ రిపోర్టులో 'పీడీ-ఎల్1 టీపీఎస్ 70%' అని ఉంది. అంటే పరీక్షించిన క్యాన్సర్ కణాల్లో నూటికి డెబ్బై ఆ ప్రొటీన్‌ను చూపిస్తున్నాయన్నమాట. 50% గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, గడ్డ కణాల్లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు లేకపోతే, కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చే వీలుంది. పీడీ-1ను అడ్డుకుని టీ కణాల బ్రేక్ తీసేసే ఇమ్యునోథెరపీ మందు ఇది. ఆయనకు అదే ఇచ్చారు, మూడు వారాలకోసారి సెలైన్‌లో. గడ్డ బాగా తగ్గింది. అందరికీ ఇలా పనిచేయదు, ఖర్చూ చాలా ఎక్కువ.

బ్రేక్ తీసేస్తే మన ఒంటి మీదకూ దాడి రావచ్చు. మే నెల ఎండల్లో మామయ్య చలి అంటూ దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం. అందరం క్యాన్సర్ తిరగబెట్టిందని టెన్షన్ పడ్డాం. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పెరిగే హార్మోన్) బాగా పెరిగింది, టీ కణాలు థైరాయిడ్‌ను దెబ్బతీశాయి. ఇప్పుడు రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాడు. దగ్గు, ఆయాసం, విరేచనాలు ఎక్కువైనా ఇదే కారణం కావచ్చు, అప్పుడు మాత్రం డాక్టర్‌కు చెప్పడానికి ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇక తిప్పతీగ. నా సలహా, వద్దనే. కోవిడ్ రోజుల్లో అది వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోని డాక్టర్లే నమోదు చేశారు. ఇమ్యునోథెరపీ వల్ల కూడా కాలేయం వాచొచ్చు. రెండూ కలిస్తే ఏది కారణమో తేల్చుకోలేక అసలు మందు ఆపాల్సి వస్తుంది. బంధువులకు ఈ మాట చెప్పండి, ప్రేమతోనే తెచ్చారు కాబట్టి అర్థం చేసుకుంటారు.

ముందుగా నాన్నగారి రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే ఫలితాలు వచ్చాయో లేదో చూడండి. అవి రాకముందే ఇమ్యునోథెరపీకి తొందరపడొద్దు. ఆ మార్పులుంటే చాలావరకు వాటికి తగిన మాత్రలతో చికిత్స ఉంటుంది.