కట్ట కొన్నావు, ఇక కలుజు మాట విను

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉదయగిరి అవతల నువ్వు కొన్న బత్తాయి తోటలో, వాగుకు అడ్డంగా పాత ఆసామి పోయించిన మట్టికట్ట ఉందట. ఈ వానలకు అది నిండితే సంక్రాంతికి చుట్టాలందరినీ పిలిచి ఈత, తెప్ప, గాలాలు అన్నీ ఏర్పాటు చేస్తానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. అపార్ట్‌మెంట్లలో పెరిగే మన పిల్లలకు సొంత నీళ్లలో దిగే అదృష్టం ఎక్కడ దొరుకుతుంది? పిలువు, ఆడనివ్వు. అయితే ఇరిగేషన్ ఉద్యోగంలో నా బతుకంతా కట్టల మీదే గడిచింది కాబట్టి, నీకు చెప్పాల్సినవి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు ఒక విషయం తెలుసుకో. 2021లో కేంద్రం డ్యామ్ సేఫ్టీ చట్టం తెచ్చింది. పదిహేను మీటర్లు దాటిన ఆనకట్టలు దాని కిందికి వస్తాయి. పది మీటర్లకు, పదిహేను మీటర్లకు మధ్య ఉన్నవైతే పొడవు, నిల్వ, వరద లాంటి లెక్కలు చూసి చేరుస్తారు. నీ కట్ట పదిహేను అడుగులకు మించదని మీ నాన్న అన్నాడు. అంటే ఆ చట్టం నీ దాకా రాదు, తనిఖీకి ఏ ఇంజనీరూ రాడు. చూసుకోవాల్సింది నువ్వొక్కడివే.

కార్వేటినగరం జమీందారు కేసని పాతకాలంది ఒకటుంది. ఆయన చెరువులు తెగి రైల్వే లైనుకు నష్టం జరిగితే, మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. అది అప్పట్లో మనకు ఆఖరి కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1874లో తేలింది. అవి తరతరాలుగా జనం కోసం ఉన్న చెరువులు, వాటిని నిలబెట్టడం జమీందారు బాధ్యత, నిర్లక్ష్యం రుజువైతే తప్ప ఆయన నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని తీర్పు. నీ కుంట ఊరి చెరువు కాదు, సొంత తోట కోసం నిలిపిన నీళ్లు. రేపు గండి పడి కింది రైతు నాట్లు పోతే ఆ తీర్పు నిన్ను కాపాడుతుందని నేననుకోను. అసలు అతని ముఖం ఎలా చూస్తావు?

మట్టికట్టను చంపేది ఎక్కువగా రెండే. ఒకటి, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది, కింద ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. అంత పెద్దదానికే ఆ గతి పట్టింది. అందుకే నీ తోటలో అన్నిటికన్నా విలువైనది కలుజు. ఎక్కువైన నీళ్లు వాటంతట అవి వెళ్లిపోయే దారి అదొక్కటే. నిండుకుండ మట్టానికి, కట్ట తలకు మధ్య కనీసం మూడడుగుల ఎత్తు ఖాళీ ఉండాలి. జనం ఏం చేస్తారంటే, ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని కలుజు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. అది చేయకు, ఎవరినీ చేయనివ్వకు.

ఇంకొకటి ఉంది. చేపపిల్లలు వదిలినవాళ్లు అవి కొట్టుకుపోకుండా కలుజుకు అడ్డంగా వల కడతారు. మొదటి వరదకే తుంగ, కంప, అరటి బోదెలు వచ్చి ఆ వలకు చుట్టుకుంటాయి. సందుల్లో ఆకు అలము పేరుకుంటుంది. గంట తిరిగేలోగా వల కాస్తా గోడ అవుతుంది, నీళ్లు కట్ట తల మీదికి వస్తాయి. ఇది నెల్లూరులోనూ ప్రకాశంలోనూ నేను కళ్లారా చూసిన సంగతి. చేపలు పోతే పోనీ. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో ఆ కలుజు మీద పుల్ల కూడా ఉండకూడదు. మనకు పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే, బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే ఒక మనిషిని అక్కడ రాత్రికి పెట్టాల్సిందే.

రెండోది బుంగ. పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్విన బొరియలు, కుళ్లిన చెట్టు వేర్లు నీళ్లకు దారి ఇస్తాయి. నెలకోసారి కట్ట వెనక అడుగు భాగాన చెప్పుల్లేకుండా నడువు. చెమ్మ కాలికి తెలిసినంత బాగా కంటికి తెలియదు. ఊట తేటగా, ఎప్పుడూ ఉన్నంతే వస్తుంటే గుర్తు పెట్టుకుని చూస్తుండు. ఎర్రగా, మట్టి కలిసి వస్తోందంటే లోపల కట్ట కరుగుతోందని అర్థం. అప్పుడు కట్ట అడుగునుంచి నీళ్లు వదిలే తూము షట్టరు పూర్తిగా ఎత్తేసి మట్టం దించు. బయట మూతిని బంకమట్టితో మూయాలని పనివాళ్లు తొందరపడతారు, వద్దను. మూస్తే నీళ్లు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటాయి. ముందు ఇసుక, దాని మీద కంకర పోసి, చుట్టూ బస్తాలు పేర్చాలి. నీళ్లు వస్తాయి, మట్టి ఆగుతుంది. ఆలోగా కింది పొలాలవాళ్లకు ఫోన్ వెళ్లాలి. ఆ నంబర్లు ఇప్పుడే రాసి మోటారు షెడ్డు గోడకు అంటించు.

కట్ట మీది చిల్లకంప చిన్నదిగా ఉన్నప్పుడే వేరుతో పీకించు. పెద్ద చెట్టయితే నీళ్లున్నప్పుడు పెకలించొద్దు. ఎండాకాలం నీళ్లు ఇంకాక వేరు తవ్వి తీసి, మంచి మట్టి పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడే నాకు భయం ఎక్కువ.

పాత ఆసామి ఒండ్రు కోసమో కట్ట మట్టి కోసమో లోపల జేసీబీ పెట్టించి ఉంటాడు. ఆ గుంతలు నీళ్లు నిండాక కనబడవు. మోకాలి లోతు అనుకుని వేసిన తర్వాతి అడుగే తల మునిగే లోతవుతుంది, పైగా బురద కాలు పట్టేస్తుంది. కాబట్టి నిండకముందే, ఈ నెలలోనే, లోపల అంతా నడిచి చూడు. నేల వాలుగా, గట్టిగా ఉన్న ఒక్కచోటు ఎంచుకో. గుంతలుంటే పూడ్పించి, నడుము లోతు దగ్గర వెదురు గెడలు పాతి, ఖాళీ డబ్బాలు కట్టిన తాడు వాటికి లాగించు. ఈత అక్కడే. తూము దగ్గరికీ కలుజు దగ్గరికీ ఎవరూ పోకూడదు. తూము తెరిచి ఉంటే దాని లాగుడు మనిషిని మూతికి అతికించేస్తుంది, గజ ఈతగాడు కూడా విడిపించుకోలేడు. కలుజు మీద నీళ్లు పల్చగా పారుతుంటే ఫోటోలకు దిగుతారు, కింద పాచి. తలకిందులుగా దూకడం అసలు ఒప్పుకోకు. నిన్న ఆరడుగులున్నచోట ఇవాళ నాలుగే ఉండొచ్చు, మెడ విరిగితే మనిషి జీవితాంతం మంచానికే.

తోటకు నీళ్లు తోడే సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది కదా. జనం నీళ్లలో ఉన్నంతసేపూ ఫ్యూజులు పీకి, స్టార్టర్ డబ్బాకు తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. స్విచ్ ఆపాం చాలు అనుకోవద్దు. ఎవరో ఒకరు కరెంటు వచ్చిందని ఆన్ చేస్తారు.

ప్లాస్టిక్ షీటు పరిచిన పంటకుంట కూడా తవ్విస్తానన్నావట. అది కుంట కన్నా ప్రమాదం. తడిసిన షీటు మీద కాలు నిలవదు, ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేక అలిసిపోయి మునుగుతాడు. చుట్టూ కంచె వేయించి, నాలుగు వైపులా గట్టు మీది గుంజలకు ముడులు వేసిన తాళ్లు నీళ్లలోకి వేలాడదీయించు.

తెప్ప గురించి వాదించకు. 2023 ఫిబ్రవరిలో మన పొదలకూరు దగ్గర తోడేరు చెరువులో పడవ తిరగబడి ఆరుగురు కుర్రాళ్లు పోయారు, మరిచావా? ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, బకిల్స్ పెట్టుకునే ఎక్కాలి. జాకెట్లు ఎన్ని ఉంటే అంతమందే. మందు తాగినవాడు బావగారైనా సరే ఆ రోజుకు నీళ్లు ముట్టుకోడు. మొహమాటపడకు, పెదనాన్న ఒప్పుకోలేదని నా పేరు చెప్పు.

అన్నిటికీ మించి, పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి ఒడ్డున ఉండాలి. ఫోన్ చేతిలో ఉండకూడదు, వంటల దగ్గరికి పోకూడదు, కబుర్లు కూడదు. అరగంటకోసారి మనిషిని మార్చు, కళ్లు అలుస్తాయి. పదిమంది ఉన్నారులే అనుకున్నచోట ఎవరూ చూడరు. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా కేకలు వేయరు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, మనిషి నిట్టనిలువుగా ఉండి చప్పుడు లేకుండా దిగిపోతాడు. ఒక నిమిషం చాలు.

అలా జరిగితే వెంటనే దూకబోతారు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు మన జిల్లాలోనే ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఒడ్డున ఎప్పుడూ ఒక పొడుగాటి నైలాన్ తాడు, దాని కొసన మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్ ఉంచు. క్యాన్‌లో చెంబెడు నీళ్లు పోస్తే గాలికి పక్కకు పోకుండా విసరడానికి వీలుంటుంది. అవి దొరక్కపోతే చీర, వెదురు గెడ, ఏదైనా సరే, నువ్వు ఒడ్డున బోర్లా పడుకుని అందించు.

బయటికి తీశాక కాళ్లు పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి రొమ్ము పైకి లేచేలా గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా ముప్పైసార్లు నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు గంటల తర్వాత కూడా ఇబ్బంది పెడతాయి. నువ్వూ, మీ ఆవిడా, తోట కాపలా అతనూ ముగ్గురూ ఇది ఎక్కడైనా నేర్చుకోండి. చదివితే రాదు, బొమ్మ మీద చేసి చూడాలి.

దసరా వెళ్లగానే నేను బస్సుకు వస్తాను. ఆలోగా కలుజుకు వల ఉంటే తీయించు, తూము షట్టరు చివరిదాకా ఎత్తి దించి చూడు, పట్టేస్తుంటే గ్రీజు పూయించు. కట్ట వెనక గడ్డి కోయించి పెడితే ఊటలున్నాయేమో నేను చూస్తాను. తాడు, జాకెట్లు నెల్లూరులో నేనే కొని తెస్తాను. పిల్లలవి ఎన్ని కావాలో, వాళ్ల బరువులెంతో మీ ఆవిడతో రాయించి పంపు.

మీ పెదనాన్న