ఐసీ మార్చకండి, ముందు గ్రౌండ్ తీగ ఎక్కడ అతికించారో చూడండి

ఇంట్లో మీరే కట్టుకున్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పాట లేనప్పుడు కూడా గుయ్‌మంటోంది, పాట సిగ్నల్‌ను పెంచే 5532 అనే ఐసీ (చిప్పు) తీసేసి ఖరీదైన ఐసీ వేస్తే పోతుందా అని అడిగారు. పోదు. డబ్బు దండగ. నేను ఆ పని చేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. దశాబ్దాలుగా రికార్డింగ్ స్టూడియోల మిక్సర్లలో పనిచేస్తున్న ఐసీ అది, మన చెవి దగ్గరకొచ్చేసరికి అది గుయ్‌మంటుందని ఎందుకు అనుకుంటామో నాకు అర్థం కాదు. నా లెక్కలో పదింట తొమ్మిది సార్లు తప్పు తీగలు వేసిన తీరులోనే ఉంటుంది.

నాదీ మీలాంటి సర్క్యూటే. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (బయటికి మూడు తీగలు, మధ్యది సున్నా), నాలుగు డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, ఓల్టేజీని ప్లస్ 12, మైనస్ 12 దగ్గర నిలిపే 7812, 7912, ఆ తర్వాత 5532. సామాన్లన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. రెండు ఆదివారాలు కూర్చుని జనరల్ పర్పస్ బోర్డు మీద కట్టాను, పలకడం బాగానే పలికింది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టుకున్నాను. వీణలో అసలు రుచి మీటిన తర్వాత ఉంటుంది. ఒక్క మీటు మీదే తీగ లాగి నాలుగైదు స్వరాలు పలికిస్తారు, ఆ నాదం సన్నబడి సన్నబడి ఆరిపోయేదాకా చెవి దాని వెంటే పోతుంది. సరిగ్గా అది ఆరిపోయే చోట అడుగు నుంచి గుయ్ అని తేలేది. ప్రాణం ఉసూరుమనేది. గట్టి పాటలు వినేవాళ్లకు ఈ బాధ తెలియదు, అందుకే "కొంచెం హమ్ ఉంటే ఏమైంది, సర్దుకో" అని సలహా ఇస్తారు. సర్దుకోవడానికి సొంతంగా కట్టుకోవడం ఎందుకు?

ముందు ఐసీ మార్చాను. ఏమీ తేడా లేదు. తర్వాత అందరూ చెప్పే మాట విని 1000 తీసి 4700 కెపాసిటర్లు వేశాను. తగ్గలేదు సరికదా పదునెక్కింది, అంతకుముందు గుయ్ అన్నది జుయ్ అనడం మొదలుపెట్టింది. అప్పుడు అనుమానం వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్, డయోడ్లు దాటాక సెకనుకు 100 సార్లు కెపాసిటర్ నిండుతుంది. కెపాసిటర్ పెద్దదయ్యే కొద్దీ ఆ నిండడం ఇంకా తక్కువ సేపట్లో, ఇంకా పెద్ద కరెంటుతో జరుగుతుంది. ఆ కరెంటు వెళ్లకూడని దారిలో వెళ్తోందన్నమాట.

వాల్యూమ్ పూర్తిగా సున్నాకు తిప్పాను, శబ్దం అలాగే ఉంది. అంటే పాట వచ్చే వైపు నుంచి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగలు ఊడదీసి రెండు 9 వోల్టుల బ్యాటరీలు తగిలించాను, నిశ్శబ్దం. అంటే ఐసీ, రెసిస్టర్లు అన్నీ బాగున్నాయి. ఈ రెండు పరీక్షలకు కలిపి పది నిమిషాలు పట్టింది, నేను మాత్రం మూడు వారాల తర్వాత చేశాను.

బోర్డు తిరగేసి టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. గ్రౌండ్ కోసం, అంటే సర్క్యూట్ మొత్తానికి ఉమ్మడి సున్నా వోల్టుల దారి కోసం, బోర్డు అడుగున ఒక మందపాటి రాగి తీగ ఈ చివర నుంచి ఆ చివరకు వేసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగను, దగ్గరగా ఉంది కదా అని, ఇన్‌పుట్ సాకెట్ పక్కనే దానికి అతికించేశాను. రెండు పెద్ద కెపాసిటర్లు కలిసే చోటేమో అవతలి చివర. కెపాసిటర్లు నిండే కరెంటంతా సెకనుకు వందసార్లు ఆ రాగి తీగ పొడవునా, ఇన్‌పుట్ గ్రౌండ్ మీదుగా పరిగెత్తుతోంది. ఎంత మందపు తీగకైనా కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది, ఆ కొంచెం మీద పుట్టిన ఓల్టేజీని ఐసీ పాట అనుకుని పెంచి చెవికి పంపుతోంది. మధ్య తీగ ఊడదీసి, సరిగ్గా రెండు కెపాసిటర్లు కలిసే కాళ్ల మీద అతికించి, అక్కడ నుంచి వేరే తీగతో బోర్డు గ్రౌండ్‌కు ఇచ్చాను. జరిపింది మహా అయితే మూడంగుళాలు. ప్లగ్గు పెడితే గుయ్ లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే సన్నటి సుయ్ తప్ప ఏమీ లేదు.

ఆ సుయ్ వేరే సంగతి, దాన్నీ గుయ్‌నీ ఒకే గాట కట్టకండి. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 11 ఉన్న సర్క్యూట్‌కి చిన్న ఇయర్‌ఫోన్లు తగిలిస్తే సుయ్ వినపడి తీరుతుంది, గెయిన్ 3కు తగ్గిస్తే చాలు. వాల్యూమ్ తిప్పేటప్పుడు కరకరమంటే, 50కె (50 వేల ఓములు) పాట్, అంటే వాల్యూమ్ తిప్పే రెసిస్టర్, వేసి ఉంటారు, 5532కి అది పడదు, 10కె వేసి పాట్‌కీ ఐసీకీ మధ్యలో డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ పెట్టండి. పాట్ లోహపు భాగాన్ని చేత్తో ముట్టుకోగానే శబ్దం మారితే దాన్ని గ్రౌండ్‌కు కలపలేదన్నమాట.

ఇంకొకటి, ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడే శబ్దం వస్తుంటే మీ ఆంప్‌ను కాదు, మీ గోడలో సాకెట్‌ను అనుమానించండి. మేం అద్దెకున్న ఇంట్లో ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమనేది. మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పితే పైనున్న పెద్ద రంధ్రానికి అసలు తీగే లేదు! మూడు రంధ్రాలు కనపడతాయి కాబట్టి ఎర్త్ ఉందనుకుంటాం. లక్షలు పోసి టైల్స్ వేయించేవాళ్లు ఒక ఎర్త్ తీగ లాగించరు, లాగించినా ఎండాకాలం ఆ గుంతలో చెంబుడు నీళ్లు పోసే దిక్కుండదు. ఇది పాటల సంగతి కాదు, పిల్లలు తిరిగే ఇళ్లు. కొందరు హమ్ పోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయమంటారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆంప్, కంప్యూటర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి, చాలాసార్లు దాంతోనే తగ్గుతుంది. మీ ఆంప్ డబ్బా ఇనుముదైతే దానికీ ఎర్త్ కలపండి, లోపల 230 వోల్టులున్నాయి.

ఈ రాత్రికి వాల్యూమ్ సున్నా పరీక్ష, బ్యాటరీ పరీక్ష చేయండి. బ్యాటరీ మీద కూడా గుయ్‌మంటే నా మాట తప్పు, అప్పుడు సిగ్నల్ తీగలకు షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉందో లేదో, అవి ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి వెళ్తున్నాయేమో చూద్దాం. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉంటే ప్లగ్గు తీసేసి, బోర్డు అడుగు వైపు ఫోటో ఒకటి, వెలుతురు బాగున్న చోట తీసి పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ ఎక్కడికి వెళ్తోందో కనపడేలా.