తాత కంపెనీ చరిత్ర రాస్తానన్న మేనల్లుడికి

చిరంజీవి నాన్నా,

మన కంపెనీ చరిత్ర రాస్తున్నావనీ, వచ్చే దసరాకల్లా పుస్తకం అచ్చు వేయించాలని చూస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నాళ్లకి ఆ ఇంట్లో ఒకడికి ఈ బుద్ధి పుట్టిందని సంతోషించాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. నువ్వు ఎక్కణ్ణుంచి మొదలుపెడతావో నాకు తెలుసు కదా. ఆఫీసు గదిలో దండ వేసిన మీ తాత ఫొటో, దాని కింద 'హల్లర్ యంత్ర సృష్టికర్త' అన్న బోర్డు. ముందు ఆ బోర్డు తీయించరా.

వడ్లు ఆడి బియ్యం చేసే ఆ హల్లర్ మిషన్ని మా నాన్న కనిపెట్టలేదు. దాన్ని బ్రెజిల్‌లో ఎవరిస్తో కొన్రాడో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన 1880ల్లో కనిపెట్టాడు. అమెరికాలో సిరక్యూస్ అనే ఊళ్ళో ఆయన పేరు మీదే కంపెనీ పెట్టి దేశదేశాలకీ అమ్మారు. మనవైపు మిల్లుల్లో తిరిగినవి ఆ రకానివే. గాడులు పోసిన ఇనప రోలరు ఒకటి గొట్టంలాంటి గూట్లో తిరుగుతుంది, పక్కన ఒక ఉక్కు బ్లేడు, కింద చిల్లుల జల్లెడ. ధాన్యం ఆ ఇరుకులో ఒరుసుకుని ఊకా తవుడూ ఒకేసారి వదిలేస్తుంది. రోలరు అరిగినా, జల్లెడ చిల్లులు పెద్దవైనా మిల్లర్లు విజయనగరం తెచ్చి మా నాన్న ముందు పడేసేవారు. ఆయన విప్పేవాడు, కొలిచేవాడు, గోధుమరంగు కాగితం మీద బొమ్మ వేసుకునేవాడు. అలా బాగుచేసీ చేసీ, చివరికి మొత్తం మిషన్ తనే పోత పోశాడు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కొన్న మిల్లరు పదేళ్లు వాడుకునేలా చేశాడు, ఆ సంగతే పుస్తకంలో రాయి. సృష్టికర్త అని రాస్తే చదివిన మొదటి ఇంజినీరే నవ్వుతాడు.

కిర్లోస్కర్ వాళ్ళ సంగతి చూడు. 1888లో బెల్గాంలో సైకిళ్ల కొట్టుతో మొదలైన కుటుంబం. ఇనప నాగలి చేస్తే, ఇనుము తగిలితే భూమికి విషం ఎక్కుతుందని రైతులు కొనలేదు. ఆ సంగతి వాళ్ళేమీ దాచుకోలేదు, అందుకే ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. నీ పుస్తకంలోనూ అమ్ముడుపోని సరుకు గురించి ఒక పేజీ ఉండాలి. వేరుశనక్కాయలు వలిచే మిషన్ అని మీ తాత చేసినది ఒకటుంది, షెడ్డు వెనకాల కోళ్లు పడుకునేవి దాంట్లో. అడుగు, మీ నాన్న చెప్తాడు. చెప్పడులే, నేనే చెప్తాను వచ్చినప్పుడు.

తారీకుల విషయంలో ఎవరి మాటా నమ్మకు, నా మాట కూడా. కాగితాన్ని నమ్ము. బిల్లులో అణాలు ఉంటే అది ఇంచుమించు 1957 కంటే ముందుది, నయాపైసలు ఉంటే ఆ తర్వాతది. అడ్రసులో పిన్ కోడు కనిపిస్తే 1972 ఆగస్టు దాటినట్టే. లెటర్‌హెడ్ మీద 'విజయనగరం జిల్లా' అని ఉంటే 1979 జూన్ తర్వాత వేయించినది, అంతకుముందు మన ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి మిల్లర్ల ఉత్తరాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది, కంగారు పడకు, అప్పుడు అవి ఆ జిల్లావే. శ్రీకాకుళం జిల్లా కూడా 1950లో పుట్టినదే. ఇంకొకటి, మొదటి రోజు నుంచే కరెంటు మోటార్లతో హల్లర్లు అమ్మామని మీ నాన్న సభల్లో చెప్తుంటాడు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తయారీ మొదలైందే 1955లో. ఆ తర్వాత ఒక్కో ఊరికీ లైను పడటానికి ఎంత కాలం పట్టిందో మిల్లర్లని అడుగు. అంతదాకా ఆయిల్ ఇంజిన్లూ తోలు బెల్టులే.

పార్ట్‌నర్‌షిప్ డీడు నకలు రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకో. పాత ఫొటోలు స్కాన్ చేయించు. పెద్దవాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసుకో, చేస్తున్నానని ముందు చెప్పి.

ఇసుకతో పోత మూసలు తీసే మోల్డింగ్ మేస్త్రి దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లు. వచ్చే నెల అనుకోకు. ఆయనకి ఊపిరి బాగాలేదు. ఇసుకలో, బొగ్గుపొడిలో బతికిన మనిషి. మూసలో ఇసుక తడి ఎంతుండాలో పిడికిట పట్టి, విరిచి చూసి చెప్పేవాడు. ఎక్కువ తడి ఉంటే పోతలో బుడగలు, తక్కువైతే మూస కూలిపోతుంది. ఇనుము కరిగించే కుపోలా కొలిమి వెలిగించిన రోజు ఇంట్లో మాకెవరికీ అన్నం సయించేది కాదు, కరిగిన ఇనుము గరిటెలతో మోసే మనుషుల కాళ్లకి గోనెపట్టాలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇదంతా పుస్తకంలో రావాలి. మీ నాన్నకి నచ్చకపోయినా రావాలి. ఆ మేస్త్రి దగ్గర ఎక్కువసేపు మాట్లాడించకు, మధ్యలో మంచినీళ్లు ఇవ్వు, ఉత్త చేతులతో వెళ్లకు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తాను. పంపకాల గురించి నువ్వు ఒక్క వాక్యంతో దాటేస్తావని నా భయం. 'కుటుంబ కారణాల వల్ల కంపెనీ రెండుగా విడిపోయింది' అని రాస్తావు. చాలామంది అలాగే రాస్తారు. కానీ అక్కడ ఏం జరిగిందో తెలియకపోతే, అంత పేరున్న మిషన్ నాలుగైదేళ్లలో ఎందుకు పాడైందో ఎవరికీ అర్థం కాదు.

మా నాన్న పోయాక పెద్దన్నయ్యకీ మీ నాన్నకీ పడలేదు. తప్పు ఎవరిదన్నది నేను వదిలేశాను, నువ్వూ వదిలెయ్యి. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. స్థలం కొలిచారు, లేతులు చెరొకటి అన్నారు, బాకీల పుస్తకం చెరి సగం. చివరికి అటక మీదున్న ప్యాట్రన్ల దగ్గరికి వచ్చారు. నీకు తెలుసుగా, పోత పోయాలంటే ముందు చెక్కతో నమూనా ఉండాలి, దాన్ని ఇసుకలో అద్ది మూస తీస్తారు. మా నాన్న అన్నీ టేకుతో చేయించాడు. ఒక్కొక్కటి రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి చీలలు, నల్ల రంగు మీద తెల్ల పెయింటుతో నంబరు. ఎనిమిదో నంబరు హల్లర్ ఒక్కదానికే స్టాండూ, పై మూతా, కింది గూడూ, రోలరూ, హాపరూ వేరువేరు ప్యాట్రన్లు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ ఫౌండ్రీ ముఖం చూసినవారు కారు. పెళ్లి గిన్నెలు పంచినట్టు లెక్కపెట్టి, నీకింత నాకింత అని పంచేశారు. స్టాండూ పై మూతా పెద్దన్నయ్యకి, రోలరూ కింది గూడూ మీ నాన్నకి. పెళ్లయ్యేదాకా కంపెనీ మస్టరు రాసినదాన్ని, ఏ ప్యాట్రన్ దేనిదో ఆ ఇంట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నన్నెవరూ అడగలేదు. ఆడపిల్లకి అందులో ఏం పని అన్నారు.

ఇద్దరి దగ్గరా సగం మిషనే మిగిలింది. ఒకరినొకరు అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. అప్పుడు ఇద్దరూ ఒకే పని చేశారు. లేని ముక్కకి, పాత మిషన్ విప్పి ఆ ఇనప ముక్కనే ప్యాట్రన్‌గా పెట్టి మూస తీశారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కానీ ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుందిరా. అడుగు పొడవుకి అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకే మా నాన్న దగ్గర ప్యాట్రన్లు కొలవడానికి వేరే స్కేలు ఉండేది, దాని మీద అడుగు మామూలు అడుగు కంటే ఆ ఎనిమిదో వంతు పెద్దది. లేతు మీద చెక్కుడుకి పోయే మందం కూడా ప్యాట్రన్లో కలిపి పెట్టేవాడు. పోత ముక్కని చూసి మళ్లీ పోత పోస్తే ఆ రెండూ పోతాయి. దాన్ని చూసి ఇంకోటి పోస్తే అది ఇంకా చిన్నది.

పెద్దన్నయ్య మిషన్లో రోలరు సన్నబడింది, పై మూత మాత్రం పాత కొలతే. మధ్యలో సందు పెరిగింది. రాజాం వైపు నుంచి ఒక మిల్లరు తువ్వాల్లో బియ్యం మూటకట్టుకుని వచ్చి, ఆఫీసు బల్ల మీద పోశాడు. గుప్పెడు బియ్యంలో వేలితో తీసినకొద్దీ మెరిగలే. పొట్టు కూడా కదలని గింజలు. బ్లేడు దగ్గరగా జరపమని చెప్పి పంపారు. జరిపితే మెరిగలు తగ్గాయి, నూక పెరిగింది. నూకలకి ధర ఎవరిస్తాడు? ఏడాది తిరగకుండా మన మిషన్ పేరు ఆమదాలవలస దాకా పాడైంది. అదే సమయంలో ప్రభుత్వం రబ్బరు రోలరు షెల్లర్ల వైపు మిల్లర్లని నెడుతోంది. రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా, వేరువేరు వేగాలతో తిరిగి గింజ విరక్కుండా పొట్టు ఒలిచేస్తాయి. మీ నాన్న వాటి స్పేర్లలోకి మారాడు కాబట్టి మీరు నిలబడ్డారు. మీ పెదనాన్న హల్లర్నే పట్టుకున్నాడు, మూతపడ్డాడు. అందరూ రబ్బరు రోలర్లు వచ్చి హల్లర్‌ని చంపేశాయంటారు. అది పెద్ద కారణమే, కాదనను. కానీ మన హల్లర్ అంతకుముందే జబ్బు పడింది, ఆ అటక మీద.

అందుకని మేస్త్రిని చూశాక నువ్వు వెళ్లాల్సింది ఎక్కడికో చెప్పనా? విశాఖపట్నంలో మీ పెదనాన్న కొడుకు, మీ అన్నయ్య ఇంటికి. పెదనాన్న వాటా ప్యాట్రన్లు వాడు పారేయలేదు. అపార్ట్‌మెంటు బాల్కనీలో టార్పాలిన్ కింద ఉన్నాయి, వాళ్ళావిడ రోజూ తిడుతూనే ఉంది. పుస్తకం గురించి మొదటి రోజే మాట్లాడకు. భోజనం పెడితే తిను, వద్దనకు, మన రెండిళ్ల మధ్య ఎవరూ ఎవరి ఇంట్లోనూ తినక చాలా కాలమైంది. రెండోసారి వెళ్లినప్పుడు, రెండు వాటాలూ ఒకచోట పెట్టి ఫొటో తీసుకుంటానని అడుగు. ఒప్పుకుంటాడు. వాడి నాన్న పేరు నీ పుస్తకంలో మీ నాన్న పేరు ఉన్నంత అక్షరాల్లోనే వేయి. అది కాస్త చిన్నదైనా ఆ ఇంట్లో కొలుస్తారు.

పాత షెడ్డు పైకి మాత్రం ఎక్కకు. నువ్వు ఎక్కుతావని తెలిసే చెప్తున్నాను, చిన్నప్పుడు జామచెట్టు విషయంలోనూ ఇలాగే చెప్పాను. పైన అన్నీ సిమెంటు రేకులు, మనిషి బరువు మోయవు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రేకులు మార్చడానికి ఎక్కిన కుర్రాడు పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అటక మీద ఏమైనా కావాలంటే లోపల్నుంచి నిచ్చెన వేయించు, కింద ఒకణ్ణి పట్టుకోమను. చెదలు ఉంటాయి, పాములూ ఉంటాయి, టార్చి తీసుకెళ్లు.

రాత్రుళ్లు మేలుకుని రాయకు. మీ తాత కళ్లు అలాగే పోయాయి.

ఆదివారం ఇటు రా. బండి మీద హైవే పట్టుకుని రావద్దు, ఆ లారీల మధ్య నాకు ప్రాణం నిలవదు. రైల్లో వచ్చి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి ఆటో ఎక్కు. శనివారాల కూలి బట్వాడా రాసిన మస్టరు పుస్తకాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పెళ్లయి వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నాను. ఎవరెవరు పనిచేశారో, ఎవరికెంత కూలి ఇచ్చామో, ఏ వారం డబ్బుల్లేక సగమే ఇచ్చామో అన్నీ నా చేతి రాతలోనే ఉన్నాయి. జెరాక్సు తీయించుకుని అసలువి మళ్లీ నాకే తెచ్చివ్వాలి. మీ నాన్న అడిగినా ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ అత్త