ఎఫ్‌ఎన్‌పీ కోర్సులో చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో, అదే నర్సే పేషెంట్లను పరీక్షించి మందులు రాయడం నేర్పే చదువులో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత నర్సింగ్‌లోకి వచ్చింది నువ్వే. ఇప్పుడు నన్ను దాటి వెళ్తున్నావంటే ఎంత సంబరంగా ఉందో! ఐసీయూ ఉద్యోగం మానకుండా అంతా ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తానన్నావట. అది విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది.

కాలేజీకి సీసీఎన్‌ఈ లాంటి, నర్సింగ్ కోర్సుల నాణ్యత చూసే సంస్థ గుర్తింపు ఉందో లేదో చూసుకో. వేరే రాష్ట్రంలోని కాలేజీ అయితే, నీలా టెక్సాస్‌లో ఉండేవాళ్లను చేర్చుకునే అనుమతి ఉందా అని అడుగు. పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ ఎలాగూ చదివేస్తావు, వాటి గురించి నాకు దిగుల్లేదు.

నా దిగులంతా క్లినికల్ గంటల గురించే. 2022 నాటి అమెరికా జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు పేషెంట్లను నేరుగా చూడాలి. దగ్గరుండి నేర్పించే ప్రిసెప్టర్ ఉండాలి. నాతో నైట్ డ్యూటీలు చేసిన ఒకావిడకి, చేరేటప్పుడు కాలేజీవాళ్లు ఫోన్లో "ప్రిసెప్టర్‌ని మేం చూస్తాం" అన్నారు. సంతకం పెట్టిన కాగితంలో మాత్రం వెతుక్కునే బాధ్యత విద్యార్థిదే అని ఉంది. ఆవిడ ఆ కాగితం చదవలేదు. టర్మ్ దగ్గరపడ్డాక బ్రేక్ టైమ్‌లో క్లినిక్‌లన్నిటికీ ఫోన్లు చేసేది. ఎవరిని అడిగినా ఖాళీ లేదనేవాళ్లు. చివరికి రెండు గంటల దూరంలో ఒక డాక్టరు ఒప్పుకున్నారు. నైట్ డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, నేరుగా అక్కడికి బయల్దేరేది. ఒకరోజు పొద్దున స్టీరింగ్ మీదే కన్ను మూతపడి, కారు రోడ్డు పక్క రెయిలింగ్‌కి కొట్టుకుంది. ప్రాణం దక్కింది, చదువు ఆగింది. లోన్ మాత్రం ఇంకా కడుతూనే ఉంది. అందుకే నీ సంగతి వినగానే నాకు ముందు ఆ కారే గుర్తొచ్చింది.

ఫీజు కట్టకముందే ప్రిసెప్టర్ మాట రాతపూర్వకంగా తీసుకో. మీ హాస్పిటల్‌లో తెలిసిన నర్స్ ప్రాక్టీషనర్లను, నీ సొంత డాక్టర్ని ఇప్పుడే అడిగి పెట్టుకో. రేపు లైసెన్స్ వచ్చాక కూడా టెక్సాస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి కాబట్టి, ఆ పరిచయాలు ఊరికే పోవు. క్లినికల్స్ మొదలయ్యాక నైట్ డ్యూటీలు తగ్గించుకో. డబ్బుకి ఇబ్బందైతే నన్ను అడుగు. మొహమాటపడ్డావంటే మాత్రం తిడతాను.

ఇంకో మాట. వెంటిలేటర్లు చూసిన చేతికి చెవినొప్పితో ఏడ్చే రెండేళ్ల పిల్ల కొత్తే. పెద్దవాళ్లకైతే చెవి పైకీ వెనక్కీ లాగి చూస్తాం. అంత చిన్న పిల్లకైతే కిందికీ వెనక్కీ లాగాలి. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తల కదలకుండా పట్టుకోమని చెప్పి, అప్పుడు చెవి లోపల చూసే ఓటోస్కోప్ పెట్టాలి. వీడియో ఎన్నిసార్లు చూసినా ఆ పట్టు రాదు. నీకు చిన్నప్పటి నుంచీ పిల్లల్ని ఊరుకోబెట్టడం బాగా వచ్చు, త్వరగానే నేర్చుకుంటావు.

కాలేజీవాళ్లు పంపిన అగ్రిమెంట్ ఈ ఆదివారంలోగా నాకు ఫార్వర్డ్ చెయ్యి. ఇద్దరం కలిసి చదివాకే సంతకం పెట్టు.

మీ పెద్దమ్మ