టోక్యో కొలనుకు వెళ్తున్న నా శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆసియా క్రీడల భారత జట్టులో నీ పేరు వచ్చిందని మీ నాన్నగారు ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచీ ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను. విజయవాడ కొలనులో తొమ్మిదేళ్ల వయసులో నీళ్లలో తల ముంచడానికే భయపడిన నువ్వు, ఇప్పుడు 100, 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదడానికి జపాన్ వెళ్తున్నావు. నీ శిక్షణలో నేను జోక్యం చేసుకోను, అది నీ ఇప్పటి కోచ్ గారి పని. పెద్ద క్రీడల్లో కొలను అంచున జరిగేవి, ముందుగా ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివి మాత్రం నీకు రాస్తున్నాను.

2026 క్రీడలకు ఆతిథ్యం ఐచి-నగోయాదే అయినా, మీ ఈత పోటీలు మాత్రం 2020 టోక్యో ఒలింపిక్స్ కోసం కట్టిన టోక్యో ఆక్వాటిక్స్ సెంటర్‌లోనే. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అంటే అక్కడ ఉదయం పది గంటలకు హీట్స్, అదే ఫైనల్‌కు ముందు జరిగే తొలి పోటీలు, ఈదుతున్నావంటే, నీ ఒంటి లెక్కలో అది ఉదయం ఆరున్నర. కాబట్టి బయలుదేరడానికి రెండు వారాల ముందు నుంచే పెందలాడే పడుకుని, తెల్లవారకముందే లేచి, రోజులోని కష్టమైన సెట్‌ను ఆరున్నరకే ఈదేలా చూసుకో. విమానం దిగాక చేసే సర్దుబాట్లకన్నా ఇంట్లో చేసుకున్న ఈ అలవాటే నిన్ను ఎక్కువగా కాపాడుతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది హీట్స్ గురించి. మనవాళ్లలో చాలామంది ఉదయం కొంచెం దాచుకుని సాయంత్రం ఈదుదామనుకుంటారు. అలా దాచుకోగలిగేది మొదటి ఇద్దరు ముగ్గురే. నీకు ఉదయం హీటే ఫైనల్ అనుకుని ఈదు. ఏ హీటులో, ఏ లేన్‌లో ఈదాలన్నది నీ ఎంట్రీ టైమును, అంటే పోటీకి పేరు ఇచ్చేటప్పుడు చూపిన టైమును, బట్టి నిర్ణయిస్తారు. బలమైనవాళ్లు చివరి హీట్లలో, మధ్య లేన్లలో ఉంటారు. నీకు మొదటి హీటు వస్తే నీ పక్కన ఈదేవాళ్లు నీకన్నా నెమ్మదిగా ఉండవచ్చు. వాళ్లకంటే ముందున్నానన్న ధీమాతో చివరి 50 మీటర్లలో చేయి సడలించావంటే, తర్వాతి హీట్లలో ఎవరో నీ టైమును దాటిపోతారు. ఫైనల్‌కు ఎనిమిది మందిని ఎంచేటప్పుడు హీటులో గెలిచావా ఓడావా అని చూడరు, అందరి టైములనూ ఒక్క వరుసలో పెడతారు. ఒకవేళ తొమ్మిదో, పదో స్థానం వస్తే రిజర్వుగా ఉంటావు. ఎవరైనా తప్పుకుంటే పిలుపు వస్తుంది కనుక బాధపడుతూ గదికి వెళ్లిపోకు, చప్పున వేరే సూటు సిద్ధం చేసుకో.

ఉదయం చేసినదాన్ని సాయంత్రం మళ్లీ చేయగలగడం వేరే విద్య. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మన వీర్‌ధవల్ ఖాడే 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌ను 22.43 సెకన్లలో ఈదాడు. ఫైనల్‌లో అతని టైము 22.47. కాంస్యం 22.46కు వెళ్లింది. సెకనులో నూరోవంతు తేడాతో నాలుగో స్థానం! ఉదయపు టైమే మళ్లీ వచ్చి ఉంటే పతకం అతనిదే. 2010లో గ్వాంగ్‌జౌలో 50 మీటర్ల బటర్‌ఫ్లై కాంస్యం తెచ్చిన ఈతగాడికే అలా జరిగింది. ఆ అంకెలు నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. అందుకే మీ కోచ్ గారిని అడిగి, వారంలో ఒక రోజు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి బ్లాక్ (దూకే దిమ్మ) మీద నుంచి పూర్తి వేగంతో 200 ఈదడం అలవాటు చేసుకో. ఆ రెండింటి మధ్య ఏం తిన్నావో, ఎంతసేపు పడుకున్నావో పుస్తకంలో రాసి ఉంచు.

గోడ తాకడం గురించి నీకు ఎన్నోసార్లు చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో సెర్బియా ఈతగాడు మిలొరాడ్ చావిచ్ గోడ దాకా జారుకుంటూ వచ్చాడు, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఇంకొక పొట్టి స్ట్రోకు వేసి గోడకున్న టచ్‌ప్యాడ్‌ను కొట్టాడు. ఫెల్ప్స్ 50.58, చావిచ్ 50.59. టచ్‌ప్యాడ్‌కు నీ చేతుల ఒత్తిడి తగలాలి, ఊరికే ఆనితే అది టైము లెక్క ఆపదు. రెండు చేతులూ ఒకేసారి పడాలన్న నిబంధన నీకు తెలిసిందే. చివరి ఐదు మీటర్లలో తల ఎత్తి గోడ వైపు చూడకు.

అదే క్రీడల్లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి దాదాపు ఏమీ కనిపించకపోతే, అతను స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ 1:52.03తో ప్రపంచ రికార్డు పెట్టాడు. నీకు ఒక్కొక్క 50 మీటర్లకూ ఎన్ని స్ట్రోకులు పడతాయో, నాలుగో 50లో ఎన్ని పెరుగుతాయో నిద్రలో అడిగినా చెప్పగలగాలి. లోతైన కొలనులో ఇది ఇంకా అవసరం. అడుగు దూరంగా కనిపించేసరికి ముందుకు సాగడం లేదన్న భ్రమ కలిగి, కంగారుపడి చేతులు వేగంగా వేస్తాం.

ఇక కాల్ రూమ్, అంటే పోటీకి పిలిచేదాకా ఈతగాళ్లను కూర్చోబెట్టే గది. నా మొదటి అంతర్జాతీయ పోటీలో వార్మప్ ముగించి, తడిసిన సూటు మీదే ఏసీ గదిలో చాలాసేపు కూర్చున్నాను. తువ్వాలు కూడా తడిగానే ఉంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఉన్ని మేజోళ్లు వేసుకుని, రెండు జాకెట్లు కప్పుకుని, కళ్లు మూసుకుని ఉంది. నాకు మోకాళ్లు వణుకుతున్నాయి. బ్లాక్ ఎక్కేసరికి చలీ భయమూ కలిసి, మొదటి 50 నా జీవితంలోనే ఎక్కువ వేగంతో ఈదేశాను. ఆఖరి 25 మీటర్లలో చేతులు నీళ్లలోంచి పైకి లేవలేదు. ఆ రోజు నా చేతిలో ఒక పొడి తువ్వాలు ఉంటే చాలుననిపిస్తుంది. వార్మప్ సూటు వేరు, పోటీ సూటు వేరు. మోకాలి దాకా వచ్చే ఆ బిగుతు సూటు తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, గోరు తగిలితే చిరుగుతుంది, కనుక రెండోది సంచిలో ఉండాలి. మేజోళ్లు, జాకెట్, రెండు టోపీలు, రెండు కళ్లద్దాలు కూడా పెట్టుకో. విమానంలో వీటిని చేతి సంచిలోనే ఉంచు.

పొట్టి ఈలలు వినగానే జాకెట్ తీసి సిద్ధపడాలి, పొడుగు ఈలకు బ్లాక్ ఎక్కాలి. ఆ తర్వాత కదలకు. సంకేతానికి ముందే దూకితే రెండో అవకాశం ఇవ్వరు.

మందుల విషయం మీ అమ్మగారికి కూడా చదివి వినిపించు. జలుబు మాత్రల్లో కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో పరిమితి దాటితే నిషిద్ధం. ప్రేమతో ఇచ్చిన కషాయమైనా, లేహ్యమైనా జట్టు డాక్టరుకు చూపించకుండా నోట్లో వేసుకోకు. నెలసరి పోటీ రోజునే వస్తుందేమోనని నువ్వు భయపడుతూ ఉంటావు, ఆ భయం నేనూ పడ్డాను. తేదీలను మార్చే మాత్రలు సొంతంగా వాడవద్దు. ఇప్పుడే డాక్టరుతో సిగ్గుపడకుండా మాట్లాడు, అక్కడికి వెళ్లాక మాట్లాడితే ఆలస్యమవుతుంది. పోటీ తర్వాత డోపింగ్ పరీక్షకు పిలిస్తే, వచ్చిన అధికారి కళ్ల ముందే ఉంటూ, ముందుగా నెమ్మదిగా ఈది ఒళ్లు చల్లార్చుకోవడానికి అనుమతి అడుగు.

రేపల్లె ప్రాంతంలోని ఒక పల్లె నుంచి వెళ్లిన షంషేర్ ఖాన్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదారు. నీ పోటీ, నీ స్ట్రోకు! ఆయన ఈదిన కాలంలో మన జిల్లాల్లో పిల్లలకు కాలువలే కొలనులు. నీకు చిన్నప్పుడు ఆయన సంగతి చెప్పినప్పుడు "నిజంగానా" అని నువ్వు అడిగిన తీరు నాకు గుర్తుంది.

హీటు ముగిసిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ఎన్నో స్థానమో తర్వాత చెబుదువుగాని, ముందు నాలుగు స్ప్లిట్లూ, అంటే ఒక్కొక్క 50 మీటర్లకూ పట్టిన టైము, చెప్పు. పుస్తకం, కలం పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
నీ పాత కోచ్